గూల్డ్ మాట ఎందుకు నమ్మాలి?

భూమి వయసు దాదాపు 450 కోట్ల ఏళ్లని మనలో చాలామందికి తెలుసు. అయినా మనలో ఎవరూ ఏ రాతిలోనూ యురేనియం ఎంతుందో, సీసం ఎంతుందో కొలిచి చూసినవాళ్లం కాదు. ఎవరో కొలిచారు, ఇంకెవరో రాశారు, మనం చదివి నమ్మాం. అలాంటప్పుడు సైన్సు పుస్తకం చదివి తలూపే పాఠకుడికీ, పురాణ కాలక్షేపంలో కూర్చుని తలూపే శ్రోతకూ తేడా ఏమిటి? ఇద్దరూ తాము చూడనిదాన్ని, తమకంటే తెలిసినవాడన్న గౌరవంతో, ఒక మనిషి మాట మీద ఒప్పుకుంటున్నారు. ఈ ప్రశ్నని మతాభిమానులు ఎత్తిపొడుపుగా వేస్తుంటారు, హేతువాదులు విసుగ్గా తోసేస్తుంటారు. రెండూ దానికి న్యాయం చేయవు. తెలివిడి మనకు ఎక్కణ్ణుంచి వస్తుంది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అని మన తార్కికులు వందల ఏళ్లు వాదులాడుకున్న ప్రశ్నే ఇది. దీనికి అభిమానం కూడా తోడైతే చిక్కు మరింత ముదురుతుంది. ఒక రచయిత అంటే ప్రాణం పెట్టే పాఠకుడు, ఆయన చెప్పిందల్లా నిజమనుకోవడానికి ముందే సగం సిద్ధపడి ఉంటాడు. నాకు స్టీఫెన్ జే గూల్డ్ అంటే అలాంటి అభిమానం. అందుకే ఆ అభిమానాన్నే ముందు పెట్టుకుని, అది ఏ రకం నమ్మకమో తేల్చుకోవాలనిపించింది.

గూల్డ్ (1941–2002) హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, శిలాజ శాస్త్రవేత్త. బహామా దీవుల్లోని సెరియాన్ అనే నేలనత్తల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. జీవజాతులు చాలాకాలం పెద్దగా మారకుండా ఉండి, భూగర్భ కాలమానంలో చూస్తే రెప్పపాటులో కొత్త జాతులుగా చీలతాయన్న సిద్ధాంతాన్ని 1972లో నైల్స్ ఎల్‌డ్రెడ్జ్‌తో కలిసి ప్రతిపాదించాడు. లోకానికి మాత్రం ఆయన వ్యాసకర్తగానే ఎక్కువ తెలుసు. 'నేచురల్ హిస్టరీ' పత్రికలో 1974 జనవరి నుంచి 2001 జనవరి దాకా ఒక్క సంచిక కూడా తప్పకుండా 300 వ్యాసాలు రాశాడు. మామూలు పాఠకుడి కోసం పరిభాష తగ్గించాలి గానీ ఆలోచనను తగ్గించకూడదన్నది ఆయన పట్టుదల. ఈ పట్టుదల దగ్గరే నా వాదన మొదలవుతుంది.

ఆయన వ్యాసాల్లో బాగా పేరుపడినదాన్ని దగ్గరగా చూద్దాం. పాండా ఎలుగుబంటి కుటుంబానికి చెందిన జంతువు, దాని పూర్వీకులు మాంసాహారులు. కానీ అది రోజులో చాలా భాగం కూర్చుని వెదురు నములుతూ ఉంటుంది. వెదురు కాడను ముంగాలితో పట్టి, బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య నుంచి లాగి ఆకులు దూసేస్తుంది. ఇలా పట్టుకోగల బొటనవేలు మనుషులకూ కోతులకూ ఉంటుంది గానీ ఎలుగుబంటికి ఎక్కణ్ణుంచి వచ్చింది? వాషింగ్టన్ జూలో పాండాలను చూస్తూ గూల్డ్ వేళ్లు లెక్కపెట్టాడు. ఐదు వేళ్లున్నాయి, వాటికి అదనంగా ఈ 'బొటనవేలు' ఉంది. ఆరోది అసలు వేలే కాదు. మణికట్టులోని రేడియల్ సెసమాయిడ్ అనే చిన్న ఎముక సాగి వేలి పని చేస్తోంది. అసలు బొటనవేలు ఎలుగుబంట్లన్నిటికీ ఉన్నట్టే మిగతా నాలుగింటి వరసలో ఇరుక్కుపోయి, నడకకూ గోళ్లతో చీల్చడానికీ పరిమితమైపోయింది. ఇంకో చిన్న వివరం దీనికంటే విలువైనది. వెనక కాలిలో ఈ ఎముకకు జోడైన ఎముక కూడా కొంత పెరిగి ఉంది. అక్కడ దానికి చేయడానికి పనేమీ లేదు. ముంగాలికి పనికొచ్చిన మార్పు వెనక కాలిని కూడా వెంట లాక్కొచ్చిందన్నమాట. గూల్డ్ వాదన ఇక్కణ్ణుంచి లేస్తుంది. పరిపూర్ణంగా అమరిన అవయవాన్ని చూపిస్తే దాన్ని సృష్టికర్త నేర్పుకూ ఆపాదించవచ్చు, పరిణామానికీ ఆపాదించవచ్చు. అందుబాటులో ఉన్న పాత ఎముకతో సర్దుకున్న అతుకుల పని మాత్రం, వెనక ఒక చరిత్ర ఉన్నదాని మీదే కనిపిస్తుంది.

ఈ వ్యాసం చదివిన మనిషి ఇందులో ఏది నమ్మాడు, ఏది తనంత తాను తేల్చుకున్నాడు? ఎముకల వివరాలు నమ్మాడు. గూల్డ్ కూడా వాటిని నమ్మినవాడే. ఆయన పాండాను కోసి చూడలేదు, డ్వైట్ డేవిస్ అనే శరీర నిర్మాణ నిపుణుడు 1964లో ప్రచురించిన గ్రంథాన్ని ఆధారం చేసుకున్నాడు. శాస్త్రవేత్త తన రంగంలో తెలుసుకున్నదాంట్లోనూ చాలా భాగం ఇలా ఇతరుల మాట మీద తీసుకున్నదే. ఆ వివరాల్లో కొంత తర్వాత మారింది కూడా. ఆ ఎముక విడిగా కదులుతుందని అనుకునేవాళ్లు. 1999లో జపాన్ పరిశోధకులు స్కానింగ్ చేసి చూసి, అది తనంత తాను కదలదని, అవతలి వైపున్న మరో మణికట్టు ఎముకతో కలిసి పట్టకారులా పనిచేస్తుందని చెప్పారు. నమ్మి తీసుకున్న భాగం ఇలా సవరణకు గురైంది. 'పాత ఎముక కొత్త పనికి వాడకంలోకి వచ్చిందంటే అది చరిత్ర గుర్తు' అన్న అడుగు మాత్రం పాఠకుడు సొంత బుర్రతో వేసినది. అది గూల్డ్ మీదా ఆధారపడదు, డేవిస్ మీదా ఆధారపడదు.

ఈ రెండు భాగాలనూ మన తార్కికులు చాలా స్పష్టంగా వేరుచేసి పెట్టారు. న్యాయదర్శనం ఆప్తుడి, అంటే నమ్మదగినవాడి, మాటను ప్రమాణంగా ఒప్పుకుంటుంది. ఆప్తుడికి ఏమేం ఉండాలో భాష్యకారుడు వాత్స్యాయనుడు చెప్పాడు. విషయాన్ని తాను స్వయంగా ఎరిగి ఉండాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ ఒకేలా వర్తిస్తుందని కూడా ఆయన అన్నాడు. ఎంత ధైర్యమైన మాటో చూడండి. పుట్టుకను బట్టి, పీఠాన్ని బట్టి నమ్మమనడం లేదు, మాట్లాడేవాడి గుణాన్ని బట్టి నమ్మమంటున్నాడు. మీమాంసకుల దారి దీనికి ఎదురుగా ఉంటుంది. వేదాన్ని ఎవరూ రాయలేదు, రాసినవాడు లేడు కాబట్టి రాసినవాడి దోషాలు దానికి అంటవు, అందుకే అది ప్రమాణం అంటారు వాళ్లు. ఈ తగాదా ఎప్పుడో తీరిపోయిందనుకుంటాం గానీ, 'సైన్సు చెప్పింది', 'శాస్త్రవేత్తలు తేల్చేశారు' అని రోజూ చెవినపడే మాటల్లో అది ఇంకా బతికే ఉంది. ఎవరు చెప్పారో, ఎలా తెలుసుకున్నారో లేని ఆ వాక్యాలు సైన్సుని కర్తలేని వేదంగా మార్చేస్తాయి. ఉపవాసం నుంచి బొట్టు దాకా ప్రతిదానికీ 'శాస్త్రీయ కారణం' అంటగట్టే రాతలన్నీ ఆ కర్తలేనితనాన్నే వాడుకుంటున్నాయి. గూల్డ్ వ్యాసంలో ఆ పప్పులు ఉడకవు. ఎవరు చూశారు, ఏ ఏడు చూశారు, ఏం చూడాలని వెళ్లి ఏం చూశారు అన్నది ఆయన వదిలిపెట్టడు.

ఆప్తవాక్యంతో బాటు నైయాయికులు ఇంకొకటి కూడా చెప్పారు, అది పరార్థానుమానం. తాను ఊహించి తెలుసుకున్నదాన్ని ఎదుటివాడు కూడా తానే ఊహించి తెలుసుకునేలా మెట్లు మెట్లుగా పేర్చి చెప్పడం అది. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని ఐదు మెట్లు. కొండ మీద పొగ చూసి నిప్పుందని తేల్చే ఉదాహరణ తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహం చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. ఇలా చెప్పినప్పుడు వినేవాడు వక్తను నమ్మి ముగింపుకి చేరడు. వక్త చూపిన హేతువును పట్టుకుని తానే నడుచుకుంటూ వెళ్తాడు. సైన్సు రాసే మనిషి గొప్పదనాన్ని నేను ఈ కొలతతో చూస్తాను. తన మాట మీద తీసుకోవలసినదాన్ని ఎంత తగ్గించాడు, పాఠకుడు తానే నడవగలిగినదాన్ని ఎంత పెంచాడు? పాండా వ్యాసంలో నమ్మవలసినవి నాలుగైదు ఎముకల సంగతులు, మిగతాదంతా పాఠకుడి నడకే. వాత్స్యాయనుడు చెప్పిన దయ నాకు ఇక్కడే కనిపిస్తుంది. తెలియనివాడి తలమీద ముగింపును పడేసి పోవడం తేలిక, వాడు నడిచేదాకా ఆగడానికి ఓర్పు కావాలి.

దీనికి వెంటనే ఒక ఆక్షేపణ వస్తుంది. హేతువులు చూపించి మాట్లాడటం ఒక్క సైన్సు రచయితలకే చెల్లుతుందా? ప్రవచనకారులు కూడా యుక్తులు చెబుతారు కదా? చెబుతారు, కొందరు అద్భుతంగా చెబుతారు. అందుకే ఇంకో షరతు కావాలి, దాన్ని గూల్డే ఒక వ్యాసంలో విడమరిచాడు. ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త, మహా దైవభక్తుడు, 1857లో 'ఓంఫలోస్' అనే పుస్తకం రాశాడు. దేవుడు సృష్టిని ఒక్కసారిగా చేశాడు, కానీ జరగని గతం గుర్తులతో సహా చేశాడు అన్నది ఆయన వాదం. ఆదాముకి తల్లి లేకపోయినా బొడ్డు ఉంటుంది, మొదటి రోజు చెట్టు కాండంలోనూ ఏటేటా పెరిగినట్టు వలయాలు ఉంటాయి, రాళ్లలో ఎన్నడూ బతకని జంతువుల శిలాజాలు ఉంటాయి. ఈ వాదానికి తర్కంలో చిల్లు లేదు. దాన్ని ఓడించగల సాక్ష్యం లోకంలో ఉండటానికే వీల్లేదు, ఎందుకంటే ఏ సాక్ష్యం చూపినా 'అలాగే సృష్టించాడు' అనవచ్చు. గాస్‌ను ఆడిపోసుకోవడానికి గూల్డ్ ఒప్పుకోడు. ఆయన మంచి పరిశీలకుడని ఒప్పుకుని, ఈ వాదంలో ఉన్న లోటు ఏమిటో మాత్రం చూపిస్తాడు. అది నిజమైనా అబద్ధమైనా మనం చూసే లోకంలో రవ్వంత తేడా ఉండదు. మన కర్మసిద్ధాంతాన్ని లోకంలోని ప్రతి కష్టానికీ కారణంగా వాడినప్పుడు కూడా ఇదే జరుగుతుందని నాకనిపిస్తుంది. ఏ ఫలితం వచ్చినా ముందు జన్మలో దానికి తగిన కారణం ఒకటి ఉండి తీరుతుంది. కాబట్టి పాఠకుణ్ణి నడిపిస్తే చాలదు. దారిలో ఎక్కడ తప్పు బయటపడవచ్చో ఆ చోటు కూడా చూపించాలి. పాండా విషయంలో ఆ చోటు స్పష్టం. ఆ ఎముక నిజమైన వేలేనని తేలిందంటే గూల్డ్ వాదన కూలిపోతుంది.

ఇక గట్టి ఆక్షేపణ. ఆ చోటు చూపించిన గూల్డ్ దాని దగ్గరే దొరికిపోయాడు కదా? 1981లో వచ్చిన 'ది మిస్‌మెజర్ ఆఫ్ మ్యాన్' ఆయన పుస్తకాల్లో అన్నిటికంటే ఎక్కువమందిని కదిలించినది, తెలివిని ఒక అంకెగా మార్చి జాతులను వరసలో నిలబెట్టిన సైన్సు మీద రాసినది. అందులో శామ్యూల్ జార్జ్ మోర్టన్ కథ ఉంది. ఫిలడెల్ఫియాకు చెందిన ఆ వైద్యుడు పందొమ్మిదో శతాబ్దంలో వందల కొద్దీ మనుషుల పుర్రెలు సేకరించి, మొదట విత్తనాలతోనూ తర్వాత సీసపు గుళ్లతోనూ నింపి, పరిమాణం కొలిచి, తెల్లజాతిని పైన పెట్టాడు. మోర్టన్ కావాలని మోసం చేయలేదని, తెలియకుండానే తన నమ్మకానికి అనుకూలంగా అంకెలు వంచాడని గూల్డ్ వాదించాడు. పుర్రెలను మాత్రం తిరిగి కొలవలేదు. 2011లో కొందరు మానవశాస్త్రవేత్తలు వాటిలో మూడు వందలకు పైగా మళ్లీ కొలిచి, మోర్టన్ కొలతలు చాలావరకు సరైనవేనని, ఉన్న తప్పులు గూల్డ్ చెప్పిన వైపు ఒరగలేదని, ఒంపు ఉంటే గూల్డ్ విశ్లేషణలోనే ఉందని రాశారు. ఆ తర్వాత గూల్డ్ వాదనలో కొంత నిలుస్తుందని చూపినవాళ్లూ ఉన్నారు, వివాదం పూర్తిగా ముగియలేదు. అయినా కొలవకుండా కొలత మీద అంత పెద్ద తీర్పు చెప్పడం తప్పే. నా అభిమానం దాన్ని తప్పు కాదనేలా చేస్తే అది గురుభక్తి అవుతుంది. గురువు దోషం చూడకపోవడం శిష్యుడికి ధర్మమేమో, పాఠకుడికి ఆ ధర్మం లేదు.

అయితే ఈ తప్పు దొరికిన తీరు గమనించాలి. మోర్టన్ ముడి అంకెలన్నీ అచ్చువేశాడని, అందువల్లే తాను ఆయనతో తగువు పెట్టుకోగలిగానని గూల్డే మెచ్చుకుంటూ రాశాడు. గూల్డ్ తన లెక్కల మెట్లన్నీ బయటపెట్టాడు, పుర్రెలు అప్పటికి మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి, కాబట్టి గూల్డ్‌ను తప్పు పట్టడం కూడా కుదిరింది. ఒక నమ్మకం ఉన్న మనిషి తెలియకుండానే అంకెలను వంచుతాడన్న సంగతికి చివరికి గూల్డే ఉదాహరణ అయి ఉండవచ్చు. అలా అయినా ఆ సంగతి బలపడుతుంది తప్ప బలహీనపడదు. ఆ పుస్తకంలోని మిగతా వాదనకు, అంటే పరీక్షల్లో వచ్చిన మార్కుల గుంపు నుంచి గణితంతో పిండిన ఒక అంకెను మెదడులో ఉన్న ఒక వస్తువుగా భ్రమించకూడదన్నదానికి, మోర్టన్ పుర్రెలతో పనే లేదు. ఒకే పుస్తకంలో ఒక భాగం కూలి ఇంకో భాగం నిలవగలదని తెలియాలంటే, పాఠకుడు దాన్ని రచయిత పేరు మీద గాక హేతువుల మీద చదివి ఉండాలి.

మతం గురించి గూల్డ్ చెప్పినదానికి ఇదే కొలత పెడితే, అక్కడ ఆయన నాకు కొంచెం దూరమవుతాడు. 1996లో రెండో జాన్ పాల్ పోప్ పరిణామ సిద్ధాంతం కేవలం ఊహ స్థాయి దాటిందని ఒప్పుకున్న తర్వాత, 1997లో గూల్డ్ ఒక వ్యాసం, 1999లో 'రాక్స్ ఆఫ్ ఏజెస్' అనే పుస్తకం రాశాడు. ప్రకృతి ఎలా ఉందన్నది సైన్సు అధికారం, మనం ఎలా బతకాలి, బతుక్కి అర్థమేమిటి అన్నది మతం అధికారం, రెండు క్షేత్రాలూ ఒకదాని మీద ఒకటి పడవు, కాబట్టి పోరు అక్కర్లేదు అన్నాడు. దీనికి ఆయన దగ్గర ఉన్న మంచి సాక్ష్యం అర్కాన్సా కోర్టు. 1981లో ఆ రాష్ట్రం పరిణామంతో సమానంగా 'సృష్టి శాస్త్రాన్ని' కూడా బడుల్లో చెప్పాలని చట్టం చేసినప్పుడు, దాని మీద దావా వేసినవాళ్లలో చాలామంది క్రైస్తవ మతాచార్యులు. గూల్డ్ సాక్షిగా వెళ్లాడు, 1982 జనవరిలో జడ్జి ఓవర్టన్ ఆ చట్టాన్ని కొట్టేశాడు. అంటే మతస్థులందరూ సైన్సుకు శత్రువులని అనుకోవడం పొరపాటు. ఇంతవరకు ఒప్పుకోవచ్చు.

తర్వాతి అడుగే చిక్కు. 1982లో ఆయన రాసిన ఇంకో వ్యాసంలో ఇక్న్యూమన్ కందిరీగలున్నాయి. తల్లి గొంగళిపురుగులో గుడ్లు పెడుతుంది, పిల్లలు ఆ పురుగును బతికుండగానే లోపలి నుంచి తింటాయి, ముందు కొవ్వు, జీర్ణాంగాలు తిని గుండెనూ నాడులనూ చివరికి ఉంచుతాయి, తిండి చెడిపోకుండా. దయగల దేవుడు వీటిని కావాలని చేశాడని నమ్మలేకపోతున్నానని డార్విన్ 1860లో అమెరికా వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకు ఉత్తరం రాశాడు. కందిరీగలో క్రూరత్వం వెతకడమే పొరపాటని, ప్రకృతి మనకు నీతి చెప్పడానికి లేదని గూల్డ్ తేల్చాడు. ఈ ముగింపుకి నేను ఆయన వెంట నడవగలను. నీతి ప్రకృతిలో లేకపోతే ఇంకెక్కణ్ణుంచో రావాలి, సరే. ఆ 'ఇంకెక్కడో' మతమే ఎందుకు కావాలి? తత్వశాస్త్రమో, మనుషుల మధ్య మాటామంతీయో ఎందుకు కాకూడదు? మతాలు లోకం ఎలా పుట్టింది, ఆత్మ ఎక్కణ్ణుంచి వచ్చింది అని వాస్తవాల గురించి కూడా మాట్లాడతాయి కదా? జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ ఈ చివరి ప్రశ్న గట్టిగానే వేశాడు, అందులో బలముంది. వాస్తవాలు చెప్పడం మానుకున్న మతంతో మాత్రమే గూల్డ్ ఒప్పందం కుదురుతుంది, అలాంటి మతాన్ని భక్తుల్లో ఎక్కువమంది తమదిగా గుర్తుపట్టరు. 'రాక్స్ ఆఫ్ ఏజెస్'లో పాఠకుడు నడిచే మెట్లు లేవు. సద్బుద్ధి ఉన్న పెద్దమనిషి ఇరుపక్షాలకూ చెప్పిన రాజీ మాత్రమే ఉంది. నత్తల విషయంలో ఆప్తుడైనవాడు దేవుడి విషయంలోనూ ఆప్తుడే అవుతాడని చెప్పడానికి వీల్లేదు. వేదప్రామాణ్యానికి న్యాయసూత్రాలు చేసిన వాదన ఇక్కడ గుర్తొస్తుంది. మంత్రం, ఆయుర్వేదం మాటలు కంటికి కనిపించే చోట నిజమవుతున్నాయి, కాబట్టి చెప్పినవాడు నమ్మదగినవాడే, కనిపించని చోట కూడా ఆయన్ని నమ్మవచ్చు అన్నది ఆ వాదన. ఒక రంగం నుంచి ఇంకో రంగానికి నమ్మకాన్ని ఇలా బదిలీ చేయడం నాకు ఎప్పుడూ బలహీనంగానే కనిపించింది. వేదానికి ఒప్పుకోనిదాన్ని గూల్డ్‌కు ఒప్పుకుంటే అది న్యాయం కాదు.

జీవశాస్త్రజ్ఞులే ఆయన్ని ఎంత లెక్కచేశారని అడిగేవాళ్లున్నారు. జాన్ మేనార్డ్ స్మిత్ వంటి ఉద్దండుడు 1995లో, గూల్డ్ వల్ల బయటివాళ్లకు పరిణామ సిద్ధాంతం గురించి తప్పు చిత్రం అందుతోందని కటువుగానే రాశాడు. 'వండర్‌ఫుల్ లైఫ్' అనే పుస్తకంలో గూల్డ్ ఎంతో ప్రేమగా చిత్రించిన శాస్త్రవేత్త సైమన్ కాన్వే మోరిస్, ఆ పుస్తకానికి ఆధారమైన బర్జెస్ షేల్ శిలాజాలనే పట్టుకుని, జీవచరిత్ర మళ్లీ మొదలైతే పూర్తిగా వేరే దారి పడుతుందన్న గూల్డ్ ముగింపుని 1998లో తిరగేశాడు. ఇందులో ఎవరిది ఒప్పో పాఠకుడిగా నేను తీర్పు చెప్పలేను, చెప్పనక్కర్లేదు కూడా. ఆ శిలాజాల్లో ఏవి ఏ వాదనకు ఆధారమో గూల్డ్ పుస్తకం చదివే తెలుసుకున్న మనిషి, కాన్వే మోరిస్ పుస్తకం తెరిచినప్పుడు కొత్తవాడిలా తడబడడు. తన ప్రత్యర్థిని చదవగల పాఠకుణ్ణి తయారుచేసిన రచయిత తప్పు చిత్రం ఇచ్చినా ఆ తప్పు ఎక్కువకాలం దాగదు.

చివరగా, అభిమానులు ఆయన్ని మహాత్ముడిగా మార్చేసే చోటు ఒకటుంది. 1982 జూలైలో గూల్డ్‌కు పొట్టలో మెసోథీలియోమా అనే అరుదైన క్యాన్సరు బయటపడింది. హార్వర్డ్ వైద్య గ్రంథాలయానికి వెళ్లి చూస్తే, అది నయం కాదని, బయటపడ్డాక మధ్యస్థ ఆయుర్దాయం 8 నెలలని ఉంది. ఆ అంకె అర్థమేమిటో ఆయన 1985లో ఒక చిన్న వ్యాసంలో వివరించాడు. సగంమంది 8 నెలల లోపు పోతారు, మిగతా సగం అంతకుమించి బతుకుతారు. సున్నాకీ ఎనిమిదికీ మధ్య మొదటి సగం ఇరుక్కుని ఉంటుంది, రెండో సగానికి అటువైపు హద్దు లేదు. కాబట్టి ఈ ఆయుర్దాయాలను గీసి చూపే వక్రం కుడివైపు ఏళ్ల తరబడి సాగుతుంది. వయసు తక్కువ, రోగం తొందరగా కనిపెట్టారు, వైద్యం మంచిది, కాబట్టి తాను ఆ సాగిన తోకలో ఉండే అవకాశం ఎక్కువని లెక్కవేసుకున్నాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికాడు, 2002 మేలో దానితో సంబంధం లేని ఇంకో క్యాన్సరుతో పోయాడు. ఆశావాదం జబ్బుని జయించిందనో, అంకెలను ధిక్కరించిన వీరుడనో ఈ కథని చెప్పుకుంటుంటారు. అలా చెప్పుకుంటే ఆయన రాసినదాన్ని చదవనట్టే. ఆయన అంకెలను ధిక్కరించలేదు, వాటిని సరిగ్గా చదివాడు. ఎనిమిది నెలలన్నది ఎవరి తలరాతా కాదని చూపించడానికి ఆయన బతికి ఉండటం అవసరం లేదు. 1985లో ఆ వ్యాసం అచ్చయిన మర్నాడే ఆయన పోయి ఉన్నా, అందులోని ప్రతి మెట్టూ అంతే సరిగ్గా ఉండేది. అదే జబ్బు పేరు కొత్తగా విన్న ఇంకో మనిషి, గూల్డ్ ఎవరో తెలియకపోయినా, ఆ మెట్లు పట్టుకుని తన లెక్క తాను వేసుకోగలిగేవాడు.